బాణీ ఎవరిది, గొంతు ఎవరిది

పాత బాణీకి కొత్త మాట కట్టడం చౌర్యమా, సంప్రదాయమా అన్న ప్రశ్న 1940లలో ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా తిరిగిన రోజుల్లో పెద్దగా ఎవరినీ బాధించినట్లు లేదు. జంగంకథ బుర్రకథ అయింది. దేవుళ్ళనూ రాజులనూ కీర్తించిన వరుసలోనే జమీందారుకు ఎదురుతిరిగిన రైతు కథ నడిచింది. షేక్ నాజర్ తంబుర పట్టి అడుగు వేస్తే ఆ పాత వరుసకు కొత్త నెత్తురు ఎక్కింది. తెలంగాణాలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వరుసను తీసుకుని నైజాం మీద ఎక్కుపెట్టాడు. గొల్లసుద్దులవారు వచ్చి మా వరుస మాకిమ్మని అడగలేదు. తీసుకున్నవాడూ, ఇచ్చినవాడూ, వింటున్నవాడూ ఒకే కళ్ళంలో కూర్చున్నారు. ఆ వరుస మీద ఎవరూ మేడలు కట్టలేదు. అరువుకు పత్రం అక్కర లేకపోయింది.

ఇప్పుడు ఆ ప్రశ్న అమెరికా చుట్టు తిరిగి మన జిల్లాలకే వచ్చింది. నేను ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం రోజూ పాసింజరు బండిలో పోయి పాఠం చెప్పి వచ్చేవాణ్ణి. ఒకనాడు భీమడోలు దాటాక ఒక విద్యార్థి తన ఫోను తీగ ఒకటి నా చెవికిచ్చి, “మాస్టారూ, ఇది మన బుర్రకథలాంటిదేనండి. ఒకడు కథ ఎత్తుకుంటే ఇంకొకడు అందుకుంటాడు” అన్నాడు. అది జే-జీ, కాన్యే వెస్ట్ అనే ఇద్దరు నల్లజాతి గాయకులు కలిసి 2011 ఆగస్టులో వెలువరించిన ‘వాచ్ ద థ్రోన్’ అనే సంపుటం. సింహాసనాన్ని చూడండి అని దాని పేరు! పూళ్ళ స్టేషను వచ్చేలోపల రెండు పాటలు విన్నాను. మాటలు సగం తెలియలేదు. వెనక నుంచి వస్తున్న ఒక గొంతు మాత్రం నన్ను వదలలేదు. ఏదో మోయలేని బరువు మోస్తున్నవాడి మూలుగు అది.

ఆ గొంతు ఓటిస్ రెడింగుది. అతను 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో ఇరవయ్యారేళ్ళకే పోయాడు. 1966లో అతను పాడిన రికార్డు నుంచి ఆ మూలుగును కత్తిరించి, చక్రంలాగా తిప్పి, దాని మీద వీరిద్దరూ తమ మాటలు పేర్చారు. ఈ కత్తిరింపునే వాళ్ళు శాంపిల్ అంటారు. విచిత్రమేమంటే ఆ పాట కూడా ఓటిస్ సొంతం కాదు. 1932లో ఇద్దరు ఇంగ్లీషువాళ్ళూ ఒక అమెరికనూ కలిసి రాసిన మెత్తని డాన్సు పాట అది. మెంఫిస్ నగరంలోని స్టాక్స్ స్టూడియోలో తన తోటి వాద్యగాళ్ళతో కలిసి ఓటిస్ దాన్ని చెమటోడ్చే పాటగా మార్చుకున్నాడు. అరువు మీద అరువు. అందువల్ల అరువే తప్పనే శుద్ధవాదులతో నాకు పేచీ వున్నది. అట్లా అనేవారు మన బుర్రకథనూ కొట్టివేయవలసి వస్తుంది.

హిప్ హాప్ పుట్టుక కూడా పేదల ఇంటనే. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్సు పేటలో, ఒక అద్దె మేడ కింది హాలులో కూల్ హెర్క్ అనే జమైకా కుర్రవాడు తన చెల్లెలు ఏర్పాటు చేసిన విందుకు రికార్డులు వేశాడు. ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టి, పాటలో డప్పు మాత్రమే మోగే ముక్కను మళ్ళీ మళ్ళీ తిప్పడం అతను నేర్పిన విద్య. వాద్యం కొనుక్కునే స్తోమతు లేనివాడికి రికార్డే వాద్యమయింది.

మరి ఆ విద్య సింహాసనం దాకా ఎట్లా పోయింది? ఇక్కడ ఆర్థికాంశం చూడక తప్పదు. 1991లో న్యూయార్కు కోర్టు ఒకటి అనుమతి లేని శాంపిల్ దొంగతనమేనని తీర్పు చెప్పింది. 2005లో మరో కోర్టు, రెండు సెకన్ల ముక్కయినా సరే, లైసెన్సు తెచ్చుకోవలసిందే అన్నది. నాటినుంచి పాత గొంతుకు ధర ఏర్పడింది. ధర చెల్లించగలవాడే తీసుకోగలడు. ఓటిస్ రెడింగ్, నీనా సిమోన్, జేమ్స్ బ్రౌన్, కర్టిస్ మేఫీల్డ్ – ఇందరి గొంతులను ఒక్క సంపుటంలో కూర్చోబెట్టడం ఇద్దరు కోటీశ్వరులకే సాధ్యమయింది. పాట బాగానే వున్నది, ఆ మాట దాచను. కాని బ్రాంక్సు కుర్రవాడికి ఇప్పుడు ఆ తలుపు మూసివున్నది.

ధర చెల్లించేవాళ్ళయినా అందరికీ చెల్లించారా? ఆ సంపుటం డీలక్సు ప్రతిలో ‘ద జాయ్’ అనే పాట వున్నది. అందులో తన 1967 నాటి పాట ముక్కను పేరైనా చెప్పకుండా వాడుకున్నారని సిల్ జాన్సన్ 2011లోనే దావా వేశాడు. మిసిసిపీలో పుట్టి షికాగోలో పాడిన వృద్ధ గాయకుడతను. మరుసటి ఏడు రాజీ కుదిరింది. 2022లో అతను చనిపోయాడు. సింహాసనం కోళ్ళలో ఒకటి అతని గొంతు. దావా వేస్తే తప్ప అక్కడ అతను వున్నట్టు తెలియలేదు.

మన దగ్గర దావా దాకా కూడా పోదు. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రంలో ‘సారంగదరియా’ పాట వచ్చినప్పుడు, దాన్ని అంతకుముందే టెలివిజనులో పాడిన జానపద గాయని ఒకామె తన పేరు లేదని వాపోయింది. పల్లవి జనానిది, చరణాలు సుద్దాల అశోక్ తేజవి. అశోక్ తేజ ఆ హనుమంతు కుమారుడే. వ్యక్తిని నిందించడానికి ఈ మాట అనడం లేదు. తండ్రి తీసుకున్న పద్ధతిలోనే కొడుకూ తీసుకున్నాడు. కళ్ళం పోయి మార్కెట్టు వచ్చింది, అంతే. అదే పని ఇప్పుడు వేరే పని అయింది.

మా కొల్లేటి ఒడ్డున ఇది ఇంకా విషమం. మా మేనత్త ఊడ్పుల పాటలకు ముందుపాట పాడేది. 1970ల తర్వాత వరిచేలు ఒక్కొక్కటే చేపల చెరువులయ్యాయి. మిగిలిన చేలల్లో కూడా పలుచోట్ల బెంగాలు నుంచి వచ్చిన మగకూలీలు ఊడుస్తున్నారు. ఊడ్పు లేని చోట ఊడ్పుపాట దేనికి వుంటుంది? 2006లో అభయారణ్యంలోని చెరువుగట్లు పగలగొట్టారు. కొన్నిచోట్ల గట్లు తిరిగి లేచాయి గాని పాట లేవలేదు. పదేళ్ళ కిందట ఒక బృందం వచ్చి, పాత పాటలు భద్రం చేస్తామని అత్త చేతా మరికొందరి చేతా పాడించుకుని పోయింది. రెండేళ్ళకు కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో ఒక డీజే బండి మీద ఆ పాటే మోగింది. వేగం పెంచితే గొంతు సన్నబడుతుంది. అత్త కాసేపు విని, “నా గొంతు ఇంత సన్నమా!” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 1994 సవరణ పాడినవారికి కొన్ని హక్కులిచ్చింది. 2012 సవరణ, పాడినది తామేనని గుర్తింపు కోరే హక్కును కూడా చేర్చింది. చట్టం దృష్టిలో గాయని అంటే రేడియోలో పాడిన విదుషి మాత్రమే కాదు, చేలో పాడిన కూలి కూడా. ఈ సంగతి అత్తకు ఏ అధికారీ చెప్పలేదు. చదువుకున్న మేనల్లుణ్ణి, నేను కూడా జాతర దాకా చూసిగాని ఆ పుస్తకం తెరవలేదు.

మొన్న మా గూడెం విద్యార్థులు ముగ్గురు కలిసి ఒక పాటల సంపుటం కడుతున్నారు, ఫోనులోనే. చేపల చెరువు కూలీల మీద ర్యాపు. వెనక ఊడ్పుల పాట వుంటే బాగుంటుందని నన్ను అడిగారు. నా దగ్గర రికార్డు వున్నది, ఇవ్వలేదు, ఊరికి తీసుకుపోయాను. అత్త పాడింది. సంపుటం మీద మీ పేరు వేస్తాం మామ్మగారూ, డబ్బు వస్తే మీకూ వాటా వుంటుంది అన్నారు కుర్రవాళ్ళు, ఎంతో వినయంగా.

“నా ఒక్కదాని పేరేనేంటి బాబూ రాసేది? వంత పట్టినోళ్ళేమైపోవాలి?” అన్నది అత్త.

వంత పట్టినవాళ్ళ పేర్లు చెప్పుకుంటూ పోతే పదకొండయ్యాయి. అందులో నలుగురు చనిపోయారు. ఇద్దరు కువైట్ వెళ్ళారు. వాటా ఎన్ని భాగాలు చెయ్యాలో, పోయినవారి భాగం ఎవరికి చెందాలో అక్కడే అరుగు మీద వాదన మొదలయింది. ర్యాపు రాసిన కుర్రవాడు నోటుపుస్తకం తీసి లెక్క వేయడం మొదలుపెట్టాడు. చీకటి పడి ఆకివీడు బస్సు వచ్చేదాకా ఆ లెక్క తెమలలేదు.