చెక్క రైలు, ఇంటెనక గుండు

2012 ఏప్రిల్‌లో ఆఫీసు పని మీద మూడు వారాలు బ్యూనస్ ఐరిస్‌లో ఉన్నాను. పని గురించి చెప్పడానికేమీ లేదు. నానక్‌రామ్‌గూడ ఆఫీసులో చూసే స్క్రీనునే అక్కడా చూశాను. ఊరు చూడ్డానికి దొరికింది ఒక్క శనివారం.

పొద్దున తొమ్మిదింటికి ప్లాజా డి మాయోలో నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. నార్సింగిలో మా ఇంట్లో అప్పుడు సాయంత్రం అయిదున్నర. ఎదురుగా గులాబీరంగు అధ్యక్ష భవనం. కాళ్ల కింద నేల మీద తెల్లరంగుతో గీసిన తలగుడ్డలు. సైనిక పాలనలో మాయమైన బిడ్డల కోసం 1977 నుంచి తల్లులు అలాంటి తలగుడ్డలు కట్టుకుని అక్కడ తిరుగుతున్నారు, ప్రతి గురువారం. ఆ సంగతి అమ్మకు చెబుదామనుకునేలోపే ఫోన్లో ధన్‌మని మోత.

"ఏం సప్పుడమ్మా?"

"ఎన్క గుండు పేలుస్తున్నరు బిడ్డా. వారం సంది గిదే పని. గిన్నెల నిండా దుమ్మే."

మా ఇంటెనక గుండుకు పేరంటూ లేదు. గుండు అంటే అదే. పదో తరగతి పరీక్షలకు దాని మీద కూర్చునే చదివాను. పొద్దంతా ఎండను తాగిన రాయి రాత్రి ఎనిమిదైనా వెచ్చగా ఉండేది. దాని మొదట్లో సీతాఫలం పొదలుండేవి. దసరా ముందు అమ్మ గంపెడు కాయలు తెంపి బియ్యంలో దాచేది. మా వైపు నల్లరాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లట. అది నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి అది మాకు అరుగు, అంతే.

ఫోన్ పెట్టేసి మెట్లు దిగి సబ్‌వే 'ఎ' లైను ఎక్కాను. టికెట్ రెండున్నర పెసోలు. దక్షిణ అమెరికాలో మొట్టమొదటి భూగర్భ రైలు అది. 1913 డిసెంబరులో మొదలైంది. బోగీలు అప్పటివే, బెల్జియంలో చేసినవి. లోపలంతా చెక్క. చెక్క బెంచీలు, అద్దాలు, పువ్వుల్లాంటి గాజు బుడ్ల కింద పసుపు దీపాలు. మధ్యమధ్యలో అవి టక్కున ఆరిపోయి మళ్లీ వెలిగేవి. ఎవరూ తల కూడా ఎత్తలేదు. తలుపు దానంతటది తెరుచుకోదు, దిగేవాళ్లే చేత్తో లాగాలి. నాకది తెలియక ఒక స్టేషను దాటిపోయాను. పక్కనున్న పెద్దాయన నవ్వి, తర్వాతి స్టేషన్లో తనే లాగి, నన్ను ముందు దిగమన్నాడు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1935లో ఈ ఊళ్లో ఉపన్యాసాలిచ్చారు. ఆయన్నీ ఈ బోగీలే మోశాయేమోనని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం నా ధ్యాసంతా తిండి మీదే. కజ్జికాయలాంటి ఎంపనాడాలో మాంసం లేనిది దొరుకుతుందా అని.

గులాబీ భవనానికి పదకొండు ఫొటోలు తీశాను. రైలుకు ఒక్కటీ లేదు. వందేళ్లుగా నడుస్తున్నది రేపూ నడుస్తుందిలే అనుకున్నానేమో.

2013 జనవరిలో ఆ బోగీల్ని ఆపేశారు. నిండు వందేళ్లకు పదకొండు నెలలు తక్కువ. రెండు నెలలు లైను మూసి చైనా బోగీలు దింపారు.

గుండు అంతకన్నా ముందే పోయింది. నేను తిరిగొచ్చేసరికి అక్కడ గొయ్యి, గొయ్యిలో పచ్చనీళ్లు. తర్వాత అపార్టుమెంటు లేచింది. అందులో ఓ మిత్రుడి ఫ్లాటుకు మొన్న వానాకాలంలో వెళ్లాను. కారు రెండో సెల్లార్‌లో పెట్టమన్నారు. ఒక మూల గోడ కట్టకుండా రాయిని అలాగే వదిలేశారు. డ్రిల్లు గాట్లు నిలువునా ఉన్నాయి, వాటిలోంచి సన్నగా నీళ్లు కారుతున్నాయి. చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.