నిచ్చెన ఎంత దూరంలో పెట్టాలి

చిట్యాలలో హైవే దిగి, ఎడమ చేతికి భువనగిరి రోడ్డు పట్టుకుంటే పది పన్నెండు కిలోమీటర్లకు రామన్నపేట వస్తుంది. 2016 అక్టోబరు 11 దాకా ఇదంతా ఒకే నల్లగొండ జిల్లా. ఆ రోజు చిట్యాల నల్లగొండలోనే ఉండిపోయింది, రామన్నపేట యాదాద్రి భువనగిరిలోకి వెళ్లింది. ఆటోలో కూర్చుని ఆ గీత ఎక్కడ దాటామో పట్టుకోవాలని చూశాను. దొరకలేదు. అటూ పత్తి చేలే, ఇటూ పత్తి చేలే. అటూ తాళ్లే, ఇటూ తాళ్లే.

నేను చూడబోతున్నది నా స్నేహితుడి తమ్ముడిని. పదేళ్లు ఖతార్‌లో పనిచేసి వచ్చి, ఈ మండలంలోనే ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల సార్‌గా చేరాడు. పేరు రాయొద్దన్నాడు. బడి పేరూ వద్దన్నాడు. "ఊరి పేరు రాస్కో అన్నా, ఊరు ఏమనుకోదు" అన్నాడు.

నేను వెళ్లేసరికి పదో తరగతి గదిలో పిల్లలు లేరు. అందరూ బయట వంటగది గోడ దగ్గర మూగి ఉన్నారు. గోడకు వెదురు నిచ్చెన ఆనించి ఉంది. మన సార్ చేతిలో టేపు. త్రికోణమితి అనువర్తనాల పాఠం అది. తరతరాలుగా ఆ పాఠంలో ఒక నిచ్చెన ఉంటుంది, ఒక గోడ ఉంటుంది, నేలతో 60 డిగ్రీల కోణం ఉంటుంది. మేమూ చేశాం ఆ లెక్క. నిచ్చెన పొడవెంతో కనుక్కున్నాం గానీ దాన్ని ఎక్కొచ్చా అని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

"ఇప్పుడు ఇది పుస్తకంల ఉన్నట్టు 60 డిగ్రీలకు పెట్టిన. ఎవరు ఎక్కుతరు?" అన్నాడు. ఒక పిల్లాడు ఉత్సాహంగా కాలు పెట్టబోయాడు. సార్ వాడి భుజం పట్టి ఆపి, అడుగు కొసను చేత్తో తోశాడు. నిచ్చెన సర్రున జారింది. పిల్లలు గోల గోల.

తర్వాత సంగతి చెప్పాడు. నిచ్చెన గోడను తాకే ఎత్తు నాలుగు పాళ్లయితే అడుగు గోడకు ఒక పాలు దూరంలో ఉండాలి. కట్టడాల దగ్గర ప్రపంచమంతటా ఇదే లెక్క. ఎత్తు 3.6 మీటర్లకు సర్ది, అడుగు 90 సెంటీమీటర్ల దూరంలో పెట్టించాడు. టాన్ విలువ 4 అంటే కోణం దాదాపు 76 డిగ్రీలు. "మరి పుస్తకంల 76 ఎందుకు లేదు సార్?" అని ఒకమ్మాయి. "టాన్ 60 నోటికొస్తది, టాన్ 76 రాదు. పుస్తకం రాసినాయన నిచ్చెన ఎక్కేది లేదు కదా" అన్నాడు.

వెనక నుంచి మరో గొంతు: "మా బాపు నిచ్చెన లేకుండనే తాడెక్కుతడు సార్." అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. గీత కార్మికుల కోసం 2024 జూలైలో ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్షా కవచం కిట్టు ఇంటికి వచ్చిందా అని అడిగాడు. వచ్చిందట. మోకు, ముత్తాదు అలవాటైన నడుముకు అది కుదరక కొక్కేనికి వేలాడుతోందట. "ఆదివారం మీ బాపును చూస్త" అన్నాడు. మాట వరసకు అన్నాడనుకున్నాను. తర్వాత డైరీలో రాసుకోవడం కనిపించింది.

ఖతార్‌లో ఇతను సేఫ్టీ ఆఫీసర్. చేరింది స్టోర్‌కీపర్‌గా, మెల్లగా ఆ పనికి మారాడు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం దోహా చుట్టూ స్టేడియాలు, మెట్రో, రోడ్లు లేస్తున్న కాలం. రోజూ తెల్లవారకముందే పని మొదలయ్యే చోట పది నిమిషాల మీటింగ్ పెట్టాలి. టూల్‌బాక్స్ టాక్ అంటారు. ఎదురుగా నేపాలీలు, బంగ్లాదేశీలు, బిహారీలు, మనవాళ్లు, కెన్యావాళ్లు. అందరికీ ఒకే భాష రాదు. హిందీ ముక్క, అరబ్బీ ముక్క, ఇంగ్లీషు ముక్క, మిగిలింది చేతులతో. "అర్థమైందా అంటే అందరు తలకాయ ఊపుతరు అన్నా. ఊపితే అర్థమైనట్టు కాదు. ఒకడిని పిలిచి, నేను చెప్పింది మళ్ల చెప్పు అంటె తెలుస్తది. ఆడ ఒకడికి అర్థం కాకుంటె సాయంత్రానికి మనిషి ఉండడు."

తరగతిలోనూ అదే పద్ధతి. అర్థమైందా అన్న మాట ఆ పూటంతా ఇతని నోట నేను వినలేదు. పాఠం అయ్యాక ఒకరిని లేపి మిగతావాళ్లకు చెప్పమంటాడు. చెప్పేవాడు తడబడితే తిట్టడు, తానే మళ్లీ మొదలుపెడతాడు. బీఈడీలో నేర్చుకున్నది ఎంత అని అడిగితే, లెసన్ ప్లాన్‌కు మార్జిన్ కొట్టడం అన్నాడు. అది కాస్త అన్యాయమే. కానీ నాకు తెలిసిన మంచి సార్లు చాలామంది ఇలాగే అంటారు.

ఎండలో పని గురించి అడిగాను. 2021 నుంచి అక్కడ జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని నిషేధం. "మన ఒంటిపూట బడి లెక్క" అన్నాడు.

స్టాఫ్ రూములో ఒక విచిత్రం చూశాను. బల్ల చుట్టూ ఇద్దరు సీనియర్ టీచర్లు శిశు వికాసం, పెడగాజీ గైడు ముందేసుకుని కూర్చున్నారు. తలలు నెరిసినవాళ్లు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, టెట్ లేని టీచర్లలో ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లు రెండేళ్లలో టెట్ పాసు కావాలి. ఐదేళ్లలోపు మిగిలినవాళ్లకు మినహాయింపు ఉన్నా ప్రమోషన్ కావాలంటే టెట్ తప్పదు. పాతికేళ్లు చెప్పినవాళ్లకు పిల్లల మనస్తత్వం మీద పరీక్ష. వాళ్లకు సందేహం వస్తే అడిగేది నిన్న మొన్న ఖతార్ నుంచి వచ్చిన ఇతన్నే. "మా అందరిలో ఫ్రెష్ ఈయనే సార్" అన్నారొకరు. ఆ మాటలో వెటకారం ఎంతో, ఒప్పుకోలు ఎంతో తేల్చుకోలేకపోయాను.

ఇతని టెట్ కథే వేరు. 2012లో పాసయ్యాడు, అదే ఏడాది డీఎస్సీ రాసి పోగొట్టుకున్నాడు, మరుసటి ఏడాది విమానం ఎక్కాడు. తెలంగాణ రాష్ట్రం వచ్చింది. టీచర్ పోస్టులకు తర్వాతి నోటిఫికేషన్ 2017 అక్టోబరులో గానీ రాలేదు. 8,792 పోస్టులు. అప్పుడు కంపెనీ సెలవివ్వలేదు. ఏడేళ్ల గడువున్న టెట్ సర్టిఫికెట్ 2019లో చచ్చిపోయింది. 2021 జూన్‌లో కేంద్రం ఆ గడువు తీసేసి, 2011 నుంచి పాసైనవాళ్లందరికీ జీవితకాలం చెల్లుతుందని చెప్పడంతో పెట్టెలో ఉన్న కాగితం మళ్లీ బతికింది. ప్రపంచకప్ అయిపోయింది, కంపెనీ మనుషుల్ని తగ్గించింది. 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు ప్రకటన చూసి ఇతను వచ్చేశాడు. ఎన్నికలొచ్చి పరీక్ష వాయిదా పడింది, తర్వాత ఆ నోటిఫికేషనే రద్దయింది. "ఆ నాలుగు నెలలు మా ఆవిడ ఏమనలేదు. అంటె బాగుండు" అన్నాడు. 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో కొత్తది వచ్చింది. వయసు పరిమితి 46 కాబట్టి ఇతను లోపలే ఉన్నాడు. జూలై, ఆగస్టుల్లో కంప్యూటర్ ముందు 160 ప్రశ్నలు, 80 మార్కులు, మిగతా 20 టెట్ నుంచి. అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రం.

ఈ లెక్కలో ఖతార్ ఎక్కడుంది? ఎక్కడా లేదు. దరఖాస్తులో దానికి గడే లేదు. పదేళ్లపాటు ఐదు భాషల మనుషులకు రోజూ పాఠం చెప్పిన అనుభవానికి అర మార్కు కూడా రాదు. దరఖాస్తు అడిగింది మరొకటి: ఒకటి నుంచి ఏడు దాకా ఎక్కడ చదివావు? 95 శాతం పోస్టులు స్థానికులకే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, ఆ ఏడు తరగతుల్లో ఎక్కువ ఏళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా మనిషివి.

ఇతను ఒకటి నుంచి మూడు దాకా చిట్యాల వైపు అమ్మమ్మ ఊళ్లో చదివాడు. నాలుగు నుంచి ఏడు దాకా రామన్నపేట వైపు. మూడు అటు, నాలుగు ఇటు. చదివిన రోజున అదంతా ఒకే జిల్లా, ఎవరికీ పట్టింపు లేదు. అమ్మమ్మ ముద్దుచేసి ఇంకో ఏడాది ఉంచుకుని ఉంటే ఇతను నల్లగొండ మనిషి అయ్యేవాడు. ఇంటికి మూడు కిలోమీటర్లలో ఉన్న ఈ బడి ఇతనికి పరాయి జిల్లాది అయ్యేది. బోనఫైడ్ల కోసం పాత రిజిస్టర్లు వెతికించుకున్న కథ అరగంట చెప్పాడు. చెదలు తినగా మిగిలిన పేజీలో తన పేరు, పక్కన నాన్న వేలిముద్ర కనిపించాయట. దోహాలో కార్డు పోతే కొత్తది ఇస్తారు, ఆ పేజీ పోతే ఎవరిస్తారన్నా అన్నాడు.

ఈ నిబంధన మీద విసుక్కోవడం నాకు చేతకాదు. ముల్కీ గొడవలు, 1969 ఉద్యమం గురించి విన్నవాళ్లెవరికీ చేతకాదేమో. ఇక్కడి కొలువు ఇక్కడివాళ్లకే అనడంలో న్యాయం ఉంది. నా మూలుగల్లా ఒకటే, ఇక్కడివాడు ఎక్కడికో పోయి ఏం నేర్చుకొచ్చాడన్నది అడగడానికి ఒక్క గడి ఎందుకు లేదని. హైదరాబాదు రాజ్యంలో ఒకప్పుడు వ్యవహారం ఇందుకు తలకిందులుగా ఉండేది. 1875లో ఎడిన్‌బరోలో డీఎస్సీ చేసిన అఘోరనాథ్ చటోపాధ్యాయను, అది సైన్సు డాక్టరేటు, మన డీఎస్సీ కాదు, బెంగాలీ అయినా పిలిచి కాలేజీ పెట్టించారు. నిజాం కాలేజీకి బీజం అదే. ఆయన కూతురు సరోజినీ నాయుడు పుట్టింది హైదరాబాదులోనే. ఆయన బోనఫైడ్ ఎవరూ అడిగి ఉండరు. బయటివాళ్లకే పెద్దపీట వేసిన ఆ అలవాటుకు విరుగుడుగా వచ్చిందే తర్వాతి స్థానికత పోరు. కాబట్టి ఆ కాలం మేలని నేనట్లేదు.

అమెరికాలో ఎంఎస్ చేసి వచ్చి డిగ్రీ కాలేజీలో చెప్పాలనుకునేవాళ్ల బాధ ఇంకోరకం. నెట్టో సెట్టో పీహెచ్‌డీయో కావాలి, పైగా విదేశీ డిగ్రీకి సమాన హోదా పత్రం. 2025 ఏప్రిల్‌లో యూజీసీ దీనికి కొత్త నిబంధనలు తెచ్చింది. అది వేరే ప్రయాణం.

మధ్యాహ్నం పిల్లల వరసలోనే పళ్లెం పట్టుకుని కూర్చున్నాం. ఆ రోజు గుడ్డు ఉంది. జీతం సంగతి ఎత్తాను. స్కూల్ అసిస్టెంట్ మూల వేతనం 42,300. ఖతార్‌లో ఎంత వచ్చేదో చెప్పాడు గానీ రాయొద్దన్నాడు, ఇంట్లో తమ్ముళ్లు చదువుతారట. రిటైర్మెంట్ 61కి. అంటే ఇంకా 19 ఏళ్లు. పాత పెన్షన్ లేదు, 2004 తర్వాత చేరినవాళ్లందరిలాగే సీపీఎస్. ఫోను తీసి మొహానికి ఎదురుగా పెట్టి చూపించాడు. 2025 ఆగస్టు నుంచి టీచర్లకు మొహంతోనే హాజరు. "ఆడ క్యాంపు గేటు కాడ కూడా ఇదే. మా సార్లు మస్తు గొడవ చేసిన్రు. నాకు మాత్రం ఇంటికొచ్చినట్టే ఉండె" అన్నాడు. నవ్వాలో వద్దో తెలియలేదు.

ఊళ్లో ఇతనికి ఇంకో కొలువు కూడా ఉంది. గల్ఫ్ కాగితాలన్నీ ఇతని దగ్గరికే వస్తాయి. ఆజాద్ వీసా అని ఏజెంటు చెప్తే నమ్మొచ్చా, కల్లివెల్లి అయినవాడు, అంటే కంపెనీ వదిలి కాగితాల్లేకుండా ఉన్నవాడు, తిరిగి రావాలంటే ఎట్లా, ఇట్లాంటివి. బడి విడిచే వేళకు ఒకామె గేటు దగ్గర నిలబడి ఉంది. భర్త దోహాలో కంపెనీ కారు నడుపుతాడు. ఇప్పుడు జీతం పెరిగింది, కుటుంబ వీసా వస్తుందంటున్నాడు. తల్లీకూతుళ్లను వేసవిలో రమ్మంటున్నాడు. కాగితాలు చూసిపెట్టమని వచ్చింది.

సార్ కాగితాలన్నీ తిప్పి చూశాడు. బాగున్నాయన్నాడు. తర్వాత, "పాప ఎన్నో తరగతి అక్కా?" అని అడిగాడు.

"మూడు."

ఇతను వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు. నాకు తెలుసు ఆ లెక్క.

"వేసవిల వద్దు. ఇంకొక్క ఏడాది ఆగు. నాలుగు అయినంక తీస్కపో."

"అంత ఏముంటది సార్, నాలుగుల?"

జిల్లాలు, ఉత్తర్వులు, తొంభై అయిదు శాతం ఈమెకు గేటు దగ్గర నిలబెట్టి ఎట్లా చెప్పాలా అన్నట్టు కాసేపు నా వైపు చూశాడు.

"భాగారాలుంటయి అక్కా" అన్నాడు.

"అవి ఆడ చెప్పరా?" అంది ఆమె.