నూనె వేడిమి

కారు పందెములం దాసక్తి గల మా తమ్ముఁడు చెన్నపట్టణము చెంత ఇరుంగాట్టుకోట్టై బాటపై అభ్యాసము చేయుచుండఁగాఁ జూడఁబోయితిమి.

వాని కారులో నొక క్రొత్త ముల్లు కానవచ్చినది. అది ఇంజనుది కాదు; వెనుక చక్రముల నడుమ నుండు డిఫరెన్షియల్ పెట్టెలోని నూనె వేడిమిఁ దెలుపునది. మలుపులో వెలుపలి చక్రము హెచ్చు దూరము తిరుగవలెను గదా; ఆ భేదమును సర్దునది ఆ పెట్టెయే. అందలి పండ్లచక్రము లొకదానిపై నొకటి జాఱుచు నొరయుటచే నూనె కాఁగును. ఇంజనును నీరు చల్లార్చును. దీనికిఁ దఱచుగా గాలియే దిక్కు. ఇంజను ముల్లు నెమ్మదిగా నున్నను ఇచట నూనె పలుచనై పండ్లు అరగిపోవచ్చును. నిరుడు ఈ ముల్లు లేక యట్లే యైనది. మా గాజులజత ఆ మరమ్మతునకే పోయినది. మావా రీ పత్రిక చదువుదురు. ఇఁక దాఁచి ఫలము లేదు.

కొన్ని చుట్లు తిరిగి వచ్చునప్పటికి ముల్లు 130 డిగ్రీల కడ నున్నది. “ఇంక రెండు చుట్లే, అక్కా!” అనెను. తాళపుచెవి మేము పుచ్చుకొంటిమి. బాణలిలో నూనె పొగలెత్తు వేళ నెఱుఁగని యిల్లాలు కలదా? వాఁడు మోము ముడుచుకొని కూర్చుండెను. ముల్లు 90కి దిగుటకుఁ జాల సేపు పట్టినది. అప్పుడు “మజ్జిగ యున్నదా?” యని యడిగెను.