అక్క ఇచ్చిన అమానతు

నారాయణఖేడ్‌లో మదరసా పిల్లలకు అమానతు గురించి ఏళ్ల తరబడి పాఠం చెబుతున్నాము. ఆ పాఠాన్ని మేమే సరిగా నేర్చుకోలేదని మొన్నటి షాబాన్ మాసంలో తెలిసివచ్చింది.

మా తమ్మునికి ఆరేళ్ల క్రితం మా అక్క తన మూత్రపిండం ఇచ్చింది. హైదరాబాదులో మార్పిడి జరిగింది. అల్‌హందులిల్లాహ్, మళ్లీ డయాలసిస్ అవసరం రాలేదు. ఆ షాబాన్‌లో అతనికి జ్వరం, కడుపునొప్పి పట్టుకున్నాయి. సి.టి. స్కాన్ తీయించమన్నారు. స్కాన్ కేంద్రంలో ఇచ్చిన కాగితంలో ‘కిడ్నీ జబ్బు ఉన్నదా?’ అన్న ప్రశ్నకు, తమ్ముని తరఫున మేము ‘లేదు’ అని రాశాము. మార్పిడితో జబ్బు పోయింది కదా అనుకున్నాము. నిజం చెబితే వంద కిలోమీటర్లకు పైబడిన హైదరాబాదుకు మళ్లీ పంపుతారన్న భయమూ లోపల ఉన్నది.

సూది వేసే ముందు అక్కడి కుర్రవాడు తమ్ముని పొత్తికడుపుపై మచ్చ చూసి ఆగిపోయాడు. మార్పిడి చేసిన మూత్రపిండాన్ని వీపువైపు కాక, తుంటికి దగ్గరగా పొత్తికడుపులో అమరుస్తారు. మేము దాచిన నిజాన్ని ఆ మచ్చ చెప్పింది.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి వివరించారు. స్కాన్‌లో అవయవాలు స్పష్టంగా కనిపించడానికి అయోడిన్ కలిసిన మందును నరంలోకి ఎక్కిస్తారు. అది మూత్రపిండం ద్వారానే బయటికి పోతుంది. పోతూ పోతూ అక్కడి సన్నని రక్తనాళాలను కుదించి, రక్తప్రసారాన్ని తగ్గించవచ్చు. మార్పిడి అయినవారికి సాధారణంగా ఆ ఒక్క మూత్రపిండమే ఆధారం. దానిని కాపాడే టాక్రోలిమస్ వంటి మందులకూ రక్తనాళాలను కుదించే గుణమున్నది. జ్వరంతో ఒంట్లో నీరు తగ్గితే ముప్పు మరింత పెరుగుతుంది.

మాకు గుండె జారిపోయింది. “అయితే ఈ స్కాన్ వద్దమ్మా” అన్నాము.

“మౌలానా గారూ, దాచడం ఒక తప్పు, భయపడి వెళ్లిపోవడం రెండో తప్పు” అన్నారామె. “ఈ మందు వల్ల కలిగే హాని మునుపు అనుకున్నంత ఎక్కువ కాదని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. లోపల చీము ఉంటే అది ఇంకా ప్రమాదం. ముందు రక్తపరీక్ష చేద్దాం.”

క్రియాటినిన్ 1.3 ఉన్నది. హైదరాబాదు డాక్టరుతో ఫోనులో మాట్లాడి, సెలైన్ ఎక్కించి, మందు మోతాదు వీలైనంత తగ్గించి స్కాన్ తీశారు. పేగు పక్కన చీముగడ్డ కనబడింది. నొప్పి మాత్రలు సొంతంగా వేయవద్దని హెచ్చరించారు. 48 గంటల తర్వాత క్రియాటినిన్ 1.5 అయింది. 0.3 పెరిగితే మూత్రపిండానికి దెబ్బ తగిలినట్లు లెక్కట. ఆ రెండు రాత్రులూ తహజ్జుద్‌లో మా దుఆ అంతా ఆ అంకె గురించే. వారానికి అది మళ్లీ 1.3కు దిగింది. చీముగడ్డ మందులతోనే కరిగింది.

2013లో మొదలైన జీవన్‌దాన్‌లో పేరు రాసుకొని అవయవం కోసం ఎదురుచూస్తున్నవారు వేలమంది. మా ఇంట్లో ఉన్నదానిని మేము ఒక్క ‘లేదు’తో ముప్పులోకి నెట్టబోయాము. అక్కకు ఫోను చేసి తప్పు ఒప్పుకున్నాము. ఆమె మందలించలేదు, “తమ్ముడు అన్నం తిన్నాడా?” అని మాత్రమే అడిగింది.

ఇప్పుడు తమ్ముని జేబులో ఒక కాగితం ఉంటుంది. మార్పిడి తేదీ, చివరి క్రియాటినిన్, వాడే మందులు, డాక్టరు ఫోను నంబరు అందులో ఉన్నాయి. మీ ఇళ్లలోనూ అటువంటివారుంటే ఆ కాగితం ఈరోజే రాసిపెట్టండి. ఎం.ఆర్.ఐ. అయినా సి.టి. అయినా, అడగకముందే చెప్పండి. అమానతును కాపాడే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.