నిద్ర సుఖమెరుగదా?

“ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదు” అన్నారు పెద్దలు. బడిలో ఈ సామెతను ఎన్ని తరగతులకు వివరించానో లెక్కలేదు. అరవై దాటాక నాకు తోచేదేమంటే, ఇందులో రెండవ సగం యౌవనానికే చెల్లుతుంది. ముదిమిలో మెత్తని పరుపు, చీకటి గది, నిశ్శబ్దం అన్నీ అమర్చినా వచ్చేది కునుకే.

రాత్రి 9 గంటలకే రెప్పలు వాలతాయి. 2 గంటలకు మెలకువ, 4 గంటలకు మళ్లీ మెలకువ. “ఈ వయసులో అంత నిద్ర అక్కరలేదులెండి” అంటుంది నా శ్రీమతి. ఆ ఓదార్పులో నిజమెంతో తెలుసుకోవాలని కొంత చదివాను. 65 దాటినవారికి కూడా 7, 8 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో సూచించింది. అంటే అవసరం అంతగా తగ్గదు. నిద్రను నిలుపుకొనే శక్తి తగ్గుతుంది.

వేదాంతులు జాగ్రత్ స్వప్న సుషుప్తులన్నారు. సుషుప్తికి సాటిగా తోచే గాఢనిద్రలో మెదడున మందగతి తరంగాలు లేస్తాయి. నుదుటి వెనుకనున్న మెదడు భాగం వయసుతో క్షీణించేకొద్దీ ఆ తరంగాలూ బలహీనపడతాయనీ, కొత్తగా నేర్చినది మరునాటికి నిలవకపోవడానికి దీనితో సంబంధముందనీ 2013లో బర్కిలీ పరిశోధకులు చూపారు. హైపోథలమస్‌లో నిద్రను నిలిపే కణాలు కొన్ని ఉన్నాయి. మరణించిన వృద్ధుల మెదళ్లను పరీక్షించగా, అవి తక్కువగా ఉన్నవారికి జీవించి ఉండగా నిద్ర ఎక్కువగా తెగిపోయేదని 2014లో తేలింది.

నిన్న చదివిన పద్యం నేడు రెండవ పాదం వద్ద ఆగిపోతున్నది. బాల్యంలో కంఠస్థం చేసినది మాత్రం చెక్కుచెదరలేదు. పద్యమే బతుకైనవానికి ఇది చిన్న నష్టం కాదు.

అట్లని నిద్రమాత్రను ఆశ్రయించలేను. నాతో పనిచేసిన లెక్కల మాస్టారొకరు మాత్ర వేసుకొని పడుకొని, నడిరేయి లేచి, తూలిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఇటువంటి మాత్రలు చాలావరకు 65 దాటినవారికి తగవని అమెరికా వృద్ధవైద్యుల బీర్స్ జాబితా హెచ్చరిస్తున్నది. ఉదయపుటెండలో నడక, పగటి కునుకు అరగంటకు మించకుండుట, సాయంత్రం కాఫీ మానుట – ప్రస్తుతం నా చికిత్స ఇంతే. నిద్ర తిరిగి యౌవనంలోలా రాలేదు గాని, రెండు మెలకువలు ఒకటైన రాత్రులున్నాయి.

మిత్రులారా, మీ ఇంటి పెద్దలు నిద్ర పట్టడం లేదంటే వయసు మీదికి నెట్టి ఊరుకోకండి. గురక, కాళ్ల గుంజుడు, వాడే మందులు – వీటిలో ఏది కారణమో వైద్యుని అడగండి. వయసు వల్ల పోయినది తిరిగి రాకపోవచ్చు. వీటివల్ల పోయినది చాలావరకు రాబట్టుకోవచ్చు.