మెదక్ గుడి వాకిట



మిరప కోతలు ముగిసి మా రైతులకు తీరిక దొరికినప్పుడు, చీరాల దగ్గరి మా సంఘం నుండి బస్సు నిండా మెదక్ వెళ్లాము. అందరి కన్నూ గోపురం మీద. నాకు మాత్రం ప్రహరీ గోడ, గేటు స్తంభాలు చూసే పని ఉంది. మందిరంలో మైకు సెట్టు దొంగలెత్తుకుపోయిన నాటి నుండి మేము ప్రహరీ కోసం చందాలు పోగుచేస్తున్నాము. గోడ ఎంత ఎత్తు లేపాలి, పైన గాజు పెంకులు గుచ్చాలా అని కమిటీలో మాటామాటా పెరిగి ఇద్దరు పెద్దలు పలకరించుకోవడం మానేశారు. పెంకులు కావాలన్న వారిలో నేనూ ఒకడిని.

బస్సు దిగి ముఖద్వారం ముందు నిలిచాము. లోపల 175 అడుగుల గోపురం. వెస్లియన్ మిషనెరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి పూనికతో కట్టిన ఈ దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. కరువు కాలంలో చుట్టుపక్కల పల్లెల వారికి పని చూపి, ఆకలి తీర్చడానికే ఈ కట్టడం సాగిందని చెబుతారు. మా ముందే ఒక ముస్లిం తల్లి పిల్లల చేయి పట్టుకొని లోపలికి వెళ్లింది. ఎవరూ ఆపలేదు.

మాతో వచ్చిన ఒక పెద్దమ్మ, జీవితమంతా మిరపకాయలు కోసిన చేతితో గేటు స్తంభాన్ని తడిమి, "అయ్యగారూ, ఈ రాయి మోసినామె పేరు ఎక్కడన్నా రాశారా?" అంది. ఆ స్తంభం చుట్టూ వెదికాను. నాకేమీ కనబడలేదు. నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయం గుర్తుకొచ్చింది. యెరూషలేము గోడ బాగుచేసిన వారి పేర్లు అక్కడ వరుసగా ఉన్నాయి. కంసాలులు ఉన్నారు, పరిమళద్రవ్యాలు చేసేవారున్నారు, షల్లూము కుమార్తెలు కూడా ఉన్నారు. ఆ అధ్యాయం చదివేటప్పుడు పేర్లు పలకలేక మనం గబగబా దాటేస్తాము!

మన ప్రాంతంలోనూ 1876-78 కరువులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కంట్రాక్టు తీసుకొని, పస్తులున్న వారికి కూలి దొరికేలా చేశారు. పెదగంజాం వైపు వెళ్లేటప్పుడు ఆ కాలువను ఎన్నోసార్లు చూశాను. ఎవరి చేతులు తవ్వాయో ఒక్కసారీ తలచలేదు.

తిరుగు ప్రయాణంలో ఆ పెద్దమ్మే మళ్లీ అడిగింది: "మన గోడ లేస్తే అవతలి వీధి ఆడోళ్లు బోరింగుకి ఎటు పోవాలి?" వాళ్లు బిందెలతో మా మందిరం ఆవరణలోంచే నడుస్తారు. గోడ కడితే చాలా దూరం చుట్టూ తిరగాలి. దొంగను తలచుకున్నానే గాని, ఏడాదిలో ఒక్కరోజూ ఆ బిందెలు నా తలపుకు రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక, నేను పొరబడ్డానని కమిటీ ముందు ఒప్పుకున్నాను. ఒక పెద్దాయన కోపంగా లేచి వెళ్లిపోయారు. గోడ నాలుగడుగులకు నిలిపి, పెంకులు మాని, బోరింగు వైపు చిన్న దారి విడిచాము. దాని ఇరువైపులా రెండు రాతి స్తంభాలు పాతాము. చందా డబ్బు అంతటితో అయిపోయింది. ఆ దారికి ఇంకా తలుపు బిగించలేదు.