తిట్టినాయన పేరే వీధికి పెట్టారు!

తిండి బాలేదన్నాడు. బస బాలేదన్నాడు. ఈగలన్నాడు, నల్లులన్నాడు. పండగ సెలవులు ఎక్కువన్నాడు. అన్నేసి మాటలు అని కూడా ఆ ఊళ్లోనే ఏడాదిన్నర కాపురమున్నాడు. ఆ ఊరేమో ఆయన పేరు ఓ వీధికి పెట్టుకుంది. ఫ్రాన్సులోని నీస్ నగరానికీ, టొబయాస్ స్మాలెట్ అనే చిరాకు పెద్దమనిషికీ ఉన్న చుట్టరికం ఇది.

ఎంత సరదాగా బయల్దేరిన యాత్రలోనైనా అలాంటి వారొకరు తప్పకుండా ఉంటారు. రైలెక్కీ ఎక్కగానే ‘ఫ్యాను తిరగట్లేదు’ అంటారు. సత్రంలో దిగగానే దుప్పటి కొస ఎత్తి చూసి పెదవి విరుస్తారు. కాఫీ ఒక్క గుక్క తాగి ‘దీనికా ఇంత డబ్బు!’ అని గ్లాసు కింద పెట్టేస్తారు. ‘ఈయన్ని ఎందుకు తీసుకొచ్చామా’ అని మిగతావాళ్లు తల పట్టుకుంటారు. తీరా ఇల్లు చేరాక ఏ ఊళ్లో ఏం చూశామో, గుడికి మెట్లెన్నో, అరటిపళ్లు డజనెంతో ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పేది ఆయనే!

అలాంటి పెద్దాయన ఒకరు 1763 జూన్‌లో ఇంగ్లండు నుంచి దక్షిణాదికి బయల్దేరాడు. ఆయనే స్మాలెట్. పుట్టింది స్కాట్లండులో. చదివింది వైద్యం, పేరొచ్చింది మాత్రం నవలలతో. అప్పటికి వయసు నలభై రెండు. ఊపిరితిత్తుల జబ్బు పట్టి పీడిస్తోంది. చలి దేశం వదిలి, ఎండ తగిలే చోట కొన్నాళ్లు ఉంటే ఒళ్లు కుదుటపడుతుందన్న ఆశతో భార్యను వెంటబెట్టుకుని పయనమయ్యాడు. దారి పొడుగునా ఆయన రాసిన 41 ఉత్తరాలు 1766లో ‘ట్రావెల్స్ త్రూ ఫ్రాన్స్ అండ్ ఇటలీ’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఇంగ్లిషులో అంతకన్నా చిరాకైన యాత్రా పుస్తకం ఇంకోటి లేదంటారు చదివినవాళ్లు. అయినా నవ్వకుండా పేజీ తిప్పలేరు!

గడప దాటకముందే...

పరాయి దేశాన్ని తిట్టడానికి ముందు ఆయన సొంత దేశాన్నే దులిపేశాడు. లండన్ నుంచి డోవర్ రేవుకు వెళ్లే దారంతా దోపిడీయేనట. గదులు చల్లన, పడకలు నాసి, వంట నోట పెట్టలేం, ద్రాక్షసారా విషం, సత్రం యజమానులకు పొగరు, బిల్లు చూస్తే గుండె గుభేలు! ఆ దారి మొత్తంలో గొంతు తడుపుకోవడానికి కాస్త మంచి బీరు కూడా దొరకలేదని వాపోయాడు.

సముద్రం దాటి బులోన్ రేవులో దిగాక కష్టాలు కొత్త రూపంలో మొదలయ్యాయి. వెంట తెచ్చుకున్న పుస్తకాల పెట్టెను సుంకం అధికారులు ఆపేశారు. అందులో రాజ్యానికో మతానికో వ్యతిరేకంగా ఏమైనా ఉందేమో చూడాలన్నారు. చూసేవాళ్లు అక్కడ లేరు, దూరాన అమియెన్స్ పట్టణంలో ఉన్నారు. పెట్టెను అక్కడికి పంపాలి. ఆ ఖర్చు ఎవరిది? పెట్టె గలవాడిదే! ప్రభుత్వ కార్యాలయంలో ఒక్కసారైనా సంతకం కోసం తిరిగినవారికి ఆయన బాధ వేరే చెప్పనక్కర్లేదు.

మోంపెలియే పట్టణంలో అప్పటికి పెద్ద పేరున్న వైద్యుడు ఫిజెస్. స్మాలెట్ తన జబ్బు లక్షణాలన్నీ వివరంగా లాటిన్‌లో రాసి, ఫీజుతో సహా పంపాడు. ఆ రోజుల్లో వైద్యులకు లాటిన్ వచ్చి తీరాలి. జవాబు మాత్రం ఫ్రెంచిలో వచ్చింది. అదీ అడిగినదానికి సంబంధం లేకుండా! తాను రాసింది ఆయన చదివాడా అసలు అని స్మాలెట్‌కు అనుమానం. తానూ వైద్యుడే కదా, ఆ జవాబును వరుసగా చీల్చి చెండాడి పుస్తకంలో పెట్టేశాడు.

తిడుతూనే ఇల్లు తీసుకున్నాడు

ఆ ఏడాది చివరికి స్మాలెట్ నీస్ చేరాడు. ఇంగ్లిషు స్పెల్లింగు చూసి మనం ‘నైస్’ అనేస్తాం కానీ, పలకాల్సింది నీస్ అనే. అప్పటికి అది ఫ్రాన్సులో భాగం కాదు, సార్డీనియా రాజు ఏలుబడిలో ఉండేది. ఫ్రాన్సులో కలిసింది 1860లో. వెనక ఆల్ప్స్ కొండలు, ముందు మధ్యధరా సముద్రం. కొండలు చలిగాలిని అడ్డుకుంటాయి కాబట్టి శీతాకాలంలోనూ ఎండ వెచ్చగా ఉంటుంది.

ఏడాదికి ఇరవై పౌండ్ల అద్దెకు ఆయనకు ఓ ఇల్లు దొరికింది. కింద ఇటుక నేల, రెండు పెద్ద హాళ్లు, మంచినీళ్ల బావి, నారింజ, నిమ్మ, అత్తి చెట్లున్న రెండు చిన్న తోటలు. ఇంకెవరైనా అయితే పొంగిపోయేవారే. ఆయన మాత్రం జాబితా మొదలెట్టాడు. ఈగలు, గోమార్లు, నల్లులు లెక్కకు మించి ఉన్నాయి. దుకాణదారులకు దురాశ. పనివాళ్లకు బద్ధకం, పైగా పనితనం శూన్యం. ఇక గొప్పింటి వాళ్లమని చెప్పుకునే జమీందార్ల సంగతంటారా? బిరుదులు డబ్బిచ్చి కొనుక్కున్నవే! ఒకాయన మందుల కొట్టువాడి వంశం, ఒకాయన చేపల వ్యాపారి వంశం. పక్క ఊళ్లో ఉన్న ఓ ప్రభువుగారి తండ్రి వీధుల్లో మాకరోనీ అమ్మేవాడట!

అక్కడి రైతుల ఎరువు బేరాన్నీ వదల్లేదు. తోటలకు వాడే మరుగుదొడ్డి ఎరువులో కూడా రకాలున్నాయని కనిపెట్టాడు. ఏడాదిలో సగం రోజులు ఉపవాసాలుండే క్యాథలిక్కుల ఇంటి సరుకు కన్నా, రోజూ మాంసం తినే ప్రొటెస్టెంట్ల ఇంటి సరుకుకే ధర ఎక్కువట! ఇలాంటివి కనిపెట్టాలంటే బజారుకు వెళ్లాలి, బేరం పక్కన నిలబడాలి, నలుగురినీ అడగాలి. ఇంట్లో కూర్చుని సణిగేవాడి వల్ల అయ్యే పని కాదది.

పండగలంటే పడదు

సెలవుల మీదా ఆయనకు ఓ అభిప్రాయం ఉంది. ఆదివారాలు పోను ఇక్కడ ఇన్ని పండగలేంటన్నది ఆయన ప్రశ్న. జనం బతుకులో సగం పండగలకే పోతుంది, సంపాదనలో సగం సన్యాసులకూ, గుడి పెద్దలకూ పోతుంది, ఇక పేదరికం పోక ఏం పోతుందన్నాడు. ఆరోగ్యం కోసమని తాను ఏడాదిన్నర సెలవు మీద వచ్చి, ఊరివాళ్ల పండగ సెలవులు లెక్కపెట్టడం కాస్త విడ్డూరమే. కానీ కొండవాలు పల్లెల్లో బక్కచిక్కిన రైతుల్నీ, వాళ్లలాగే డొక్కలు ఎండిన పశువుల్నీ చూసి రాసిన మాటలవి. ఊరికే పొద్దుపోక అన్నవి కావు.

రాజకీయాలు ఆయనకు అప్పటికే చేదు. 1762లో ప్రధాని బ్యూట్ ప్రభువును సమర్థిస్తూ ‘ద బ్రిటన్’ అనే పత్రిక నడిపాడు. దానికి పోటీగా, పాత స్నేహితుడైన జాన్ విల్క్స్ ‘ద నార్త్ బ్రిటన్’ పెట్టి ఏకిపారేశాడు. పత్రిక ఏడాది తిరక్కుండానే మూతపడింది. అంతకు ముందు ఓ నౌకాదళాధికారిని విమర్శించినందుకు 1760లో మూడు నెలలు జైలుకూ వెళ్లొచ్చాడు. ఇటు మిత్రుడు పోయె, అటు ప్రభువుల ఆదరణా లేకపోయె!

అంత దెబ్బ తిన్నా చూపు మందగించలేదు. ఫ్రాన్సులో పెద్దలకు పన్నుల మినహాయింపు, భారమంతా రైతు నెత్తిన ఉండటం గమనించాడు. ప్రభుత్వం పట్టు సడలుతోందనీ, జనంలో కొత్త ఆలోచనలు ఉడుకుతున్నాయనీ, బలహీనుడైన రాజు గద్దెక్కితే దేశ వ్యవస్థే మారిపోవచ్చనీ రాశాడు. ఆ పుస్తకం వచ్చిన ఇరవై మూడేళ్లకు, 1789లో, పదహారో లూయీ కాలంలో ఫ్రెంచి విప్లవం వచ్చింది!

మునకేస్తే చస్తాడన్నారు

1764 మే నెలలో స్మాలెట్ మరో పని చేశాడు. సముద్రంలో స్నానానికి దిగాడు. ఊరంతా నోరు వెళ్లబెట్టింది. ఇప్పుడంటే నీస్ తీరంలో జనం వేలల్లో మునకలేస్తారు కానీ, అప్పట్లో సముద్రమంటే చేపలు పట్టుకునే చోటు, అంతే. క్షయరోగిలా కనిపించే మనిషి చల్లటి నీళ్లలో దూకితే వెంటనే పోతాడని కొందరు వైద్యులు జోస్యం చెప్పేశారు. పోలేదు సరికదా, కాస్త కోలుకున్నాడు. అది చూసి స్విస్ సైనికాధికారులు కొందరు దిగారు. ఆ తర్వాత ఊరివాళ్లూ ఒక్కరొక్కరే దిగారు.

ఊరు మీద ఆయనకు లోలోపల ఎంత ఇష్టమో అక్కడక్కడా బయటపడిపోతుంది. కోటగోడ మీద నిలబడి చుట్టూ చూస్తే మాయాలోకంలో ఉన్నట్టుందని ఒప్పుకున్నాడు. చలికాలంలో పూసే గులాబీల గురించి మురిసిపోయాడు. ఇక్కడి కార్నేషన్ పూలను చెక్కపెట్టెల్లో కుక్కి టపాలో ట్యూరిన్, పారిస్ నగరాలకు, ఒక్కోసారి లండన్‌కు కూడా పంపుతారనీ, అందుకున్నవాళ్లు కాడ కొస కత్తిరించి రెండు గంటలు వెనిగర్ కలిపిన నీళ్లలో ఉంచాలనీ వివరంగా రాశాడు. నీస్‌లో ఉన్నన్నాళ్లూ వాతావరణం వివరాలు లెక్కరాసి పుస్తకం చివర జతచేశాడు. దోవలో చూసిన కాన్ అనే చిన్న పల్లె నీస్ కన్నా నివాసానికి బాగుంటుందని కూడా చెప్పాడు. ఇంగ్లిషు ప్రభువు బ్రూమ్ అక్కడ అడుగుపెట్టి దానికి పేరు తెచ్చింది 1834లో. ఏటా చలనచిత్రోత్సవం జరిగే కాన్ అదే!

ఇటలీ వెళ్లినా నోరు ఊరుకోలేదు. రోమ్‌లోని ప్రాచీన కట్టడం పాంథియన్‌ను చూసి పైకప్పుకు చిల్లుపడ్డ కోడిపందేల బరిలా ఉందన్నాడు. ఫ్లోరెన్సులో లోకమంతా మెచ్చే వీనస్ విగ్రహం ముఖంలో అందం లేదు పొమ్మన్నాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మనకో సామెత ఉంది కదా. సరిగ్గా ఆ జబ్బు పేరే ఎత్తి ఎగతాళి చేశాడు సాటి రచయిత లారెన్స్ స్టెర్న్. 1768లో వచ్చిన తన పుస్తకంలో స్మాలెట్‌కు ‘స్మెల్‌ఫంగస్’ అని పేరుపెట్టాడు. ఆ వెక్కిరింత పేరు ఇంగ్లిషులో నిలిచిపోయింది.

సణుగుడు వెనక...

స్టెర్న్ పట్టించుకోనిది ఒకటుంది. స్మాలెట్ దంపతులకు ఒక్కతే కూతురు, ఎలిజబెత్. ప్రయాణానికి రెండు నెలల ముందు, 1763 ఏప్రిల్‌లో, పదిహేనేళ్ల వయసులో చనిపోయింది. ఆ దేశంలో ఏది చూసినా బిడ్డే గుర్తొస్తోంది, ఇక్కణ్నుంచి తీసుకెళ్లిపొమ్మని భార్య వేడుకుంది. మొదటి ఉత్తరంలో ఈ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, ఆయన దారిఖర్చుల్లోకి, హోటల్ బిల్లుల్లోకి వెళ్లిపోయాడు. కడుపుకోత గురించి చెప్పుకోలేని తండ్రి నల్లుల గురించీ, కూర రుచి గురించీ పేజీలకు పేజీలు రాశాడు. ఇది తెలిశాక ఆ తిట్లు మళ్లీ చదివితే నవ్వుతోపాటు గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

1765లో ఇంగ్లండు తిరిగి వెళ్లాడు కానీ, ఆరోగ్యం మళ్లీ దెబ్బతింది. చివరి రోజులు ఇటలీలోని లివోర్నో దగ్గర గడిపాడు. అక్కడే ‘హంఫ్రీ క్లింకర్’ నవల పూర్తిచేశాడు. అందులో మాథ్యూ బ్రాంబుల్ అనే పెద్దాయన ఊరూరా తిరుగుతూ అన్నిటికీ చిరాకుపడతాడు. నోరు మాత్రమే చేదు, మనసు వెన్న. కష్టంలో ఉన్నవాడు కనపడితే గుట్టుగా డబ్బు చేతిలో పెట్టేస్తాడు. తనను తానే చూసి నవ్వుకుంటూ రాసినట్టుంటుంది ఆ పాత్ర. ఆ నవల వచ్చిన ఏడాదే, 1771 సెప్టెంబరులో, యాభయ్యో ఏట కన్నుమూశాడు. సమాధి లివోర్నోలోనే ఉంది.

ఆయన పుస్తకం చదివినవాళ్లు తిట్లు పక్కన పెట్టి ఎండను గుర్తుపెట్టుకున్నారు. చలికాలం గడపడానికి ఇంగ్లిషువాళ్లు నీస్‌కు వరసకట్టారు. 1820ల్లో వాళ్లు చందాలు వేసుకుని సముద్రం ఒడ్డున వేయించిన కాలిబాటే ఇప్పటి ‘ప్రొమెనాడ్ దెజాంగ్లే’. అంటే, ఇంగ్లిషువాళ్ల షికారు బాట. విక్టోరియా రాణి కూడా 1890ల్లో ఇక్కడ విడిది చేసింది. శీతాకాల విడిదిగా ఎదిగిన ఈ నగరానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది.

ఇప్పుడు నీస్ వెళ్లినవారు ఆ బాట మీద నీలం కుర్చీల్లో కూర్చుని సముద్రం చూస్తారు. పాత ఊళ్లో కూర్ సలేయా పూలబజారు తిరుగుతారు. శనగపిండితో పెద్ద పళ్లెంలో కాల్చే ‘సొక్కా’ అట్టు వేడివేడిగా తింటారు. ఒడ్డున ఇసుక బదులు గులకరాళ్లు ఉంటాయి కాబట్టి, చెప్పుల్లేకుండా నీళ్లలోకి దిగేటప్పుడు కచ్చితంగా ఎవరో ఒకరు సణుగుతారు.

అక్కడికి కాస్త దూరంలో, రేవు వైపున, ఆయన పేరుతో ఓ వీధి ఉంది. పేరులో రెండు ‘ఎల్’ అక్షరాలుండాలి. పలక మీద ఒక్కటే ఉంటుంది. పెద్దాయన బతికుంటే ఈపాటికి దానిమీదా ఓ ఉత్తరం రాసేవాడే!